కుళాయి నీళ్ల కింద సంతకం

రెండేళ్ల కోర్సులు చెప్పే ఆ కాలేజీలో సైన్సు లాబ్ వెనకాల కిటికీ లేని స్టోరు గది ఒకటి ఉంది. అందులో పందొమ్మిదేళ్లుగా సీసాలు కడుగుతూ, ద్రావణాలు కలుపుతూ ఉన్న మనిషిని అందరూ సీసాలమ్మ అంటారు. అసలు పేరు హాజరు పట్టీకి తెలుసు, ఆవిడకి తెలుసు, అంతే. ఉద్యోగం తాత్కాలికం. పందొమ్మిదేళ్ల తాత్కాలికం, విన్నారా! పర్మనెంటు చేసే ఫైలు ఎట్టకేలకు ప్రిన్సిపాల్ బల్ల మీదికి చేరింది. ఇక ఆయన సంతకమే తరువాయి.

"ఏమే, ఆ ఆర్డరు నేనుండగా వస్తుందా, నన్ను మోసుకెళ్లాక వస్తుందా?" అని అత్తగారు రోజూ అడుగుతుంది.

"అది వచ్చేదాకా మీరు పోరులెండి అత్తయ్యా, నూరేళ్లూ మీవే" అంటుంది ఈవిడ.

రెండేళ్ల కిందట లాబ్‌లో డిస్టిల్డ్ వాటర్ పట్టే యంత్రం కాలిపోయింది. నీళ్లను ఆవిరి చేసి, ఆ ఆవిరిని చల్లార్చి, ఏ కల్తీ లేని నీరు ఇచ్చే యంత్రం అది. మూడుసార్లు అర్జీ పెట్టుకుంది. మూడోసారి ప్రిన్సిపాల్ తల ఎత్తకుండానే "సర్దుకోవమ్మా" అన్నాడు. సర్దుకుంది. కుళాయి తిప్పి, క్యాన్లు నింపి, 'డిస్టిల్డ్ వాటర్' అన్న పాత చీటీలే అంటించింది. కొంపేమీ మునగలేదు. ఎలా మునుగుతుంది? అక్కడి ప్రయోగాలన్నిటికీ జవాబులు పుస్తకంలో ముందే ఉండేవి. గొట్టంలో ఏ రంగు వచ్చినా పిల్లలు పుస్తకంలో ఉన్న రంగే రాసేవారు. మాస్టార్లు దానికే మార్కులు వేసేవారు. నీళ్లు దొంగవైతే చదువూ దొంగదే, సరికి సరి.

ఈ ఏడాది కొత్త మాస్టారొచ్చి ఆ ఆటంతా చెడగొట్టాడు.

"జవాబు తెలిసిన ప్రయోగం ప్రయోగం కాదు, కాపీ. ఎవరి వీధి నీళ్లు వాళ్లు తెండి. నైట్రేటు ఎంతుందో నాలుగు నెలలు కొలుద్దాం. ఎంతొస్తుందో నాకూ తెలీదు" అన్నాడు మొదటి రోజే.

ఒక పెద్ద నోటుపుస్తకం పెట్టాడు. అందులో పేజీ చింపకూడదు. తప్పు రాస్తే దాని మీద ఒక్క గీత కొట్టాలి, అదీ కింద ఉన్నది కనపడేలా. ప్రతి పేజీ అడుగునా 'డిస్టిల్డ్ వాటర్ సిద్ధం చేసినవారు' అని ఒక గడి. "మీ సంతకం లేకపోతే పేజీ చెల్లదమ్మా" అన్నాడు. పందొమ్మిదేళ్లలో ఆవిడ చేతి పనికి సంతకం అడిగిన మొదటి మనిషి. పొంగిపోయి పెట్టేసింది. ఇంటికెళ్లి అత్తగారికి చెప్పుకుని మురిసిపోయింది కూడా. పిచ్చి మొహం!

ఎందుకంటే, రంగు చూసి నైట్రేటు కొలిచే ఆ మీటరుకి ముందు డిస్టిల్డ్ వాటర్ చూపించి 'ఇదీ సున్నా' అని చెప్పాలి. ఆ పని క్లాసుకి ముందే చేసిపెట్టేది సీసాలమ్మే. మందు వేశాక రంగు లేకుండా ఉండాల్సిన సున్నా గొట్టం లేత గులాబీ రంగుకి తిరిగేది. ఆ రంగు చూసినది ఆవిడొక్కతే. కాలేజీ కుళాయికొచ్చే బోరు నీళ్లని సున్నా అంటే, అదే బోరు నీళ్లు తాగే వీధులన్నీ సున్నాలే మరి. మొదటి వారమే ఆవిడకి సంగతి బోధపడింది. కానీ అప్పటికే సంతకం పడింది. రెండో వారం నోరు విప్పితే మొదటి వారం సంగతి అడుగుతారు. పదో వారం విప్పితే తొమ్మిది వారాలూ అడుగుతారు. ఇలా వారానికొక మెట్టు చొప్పున నూతిలోకి దిగిపోయింది.

క్లాసులో కండక్టరమ్మ అని ఒకావిడ ఉంది. బస్సులో తెల్లవారుజాము డ్యూటీ దిగి, ఆ యూనిఫారంతోనే చదువుకోవడానికి వస్తుంది. నలభై దాటాయి, అప్పుడే అమ్మమ్మ. ఆవిడ వీధికీ కాలేజీకీ నీళ్లిచ్చే బోరు మురిక్కాలవ పక్కనే ఉంది. నైట్రేటు ఎక్కువైతే పసిపిల్లలకి ప్రమాదమని మాస్టారు చెప్పిన రోజు నుంచీ, పోతపాలు తాగే ఐదు నెలల మనవరాలి కోసం డిపోలో వేరే లైను నీళ్లు రెండు డబ్బాలు పట్టి మోసుకెళ్తోంది.

గురువారం నాడు లెక్కలు తేలాయి. ఆవిడ వీధికి సున్నా.

"అక్కా, వినలేదా? మా నీళ్లు భేషుగ్గా ఉన్నాయట! ఉత్తపుణ్యానికి భుజాలు పడిపోయేలా మోశాను. రేపట్నుంచి డబ్బాలు బంద్. సైన్సే చెప్పిందిగా!" అంది సీసాలమ్మతో.

సీసాలమ్మ చేతిలో సీసా కింద పెట్టేసింది. తిన్నగా ప్రిన్సిపాల్ గదికి వెళ్లి అంతా చెప్పింది.

"మీరే కదండీ సర్దుకోమన్నారు."

"సర్దుకోమన్నాను. అబద్ధం రాయమన్నానా?" అన్నాడాయన. ఆయన గొంతు తగ్గించాడు. "చూడమ్మా, నీ ఫైలు మీద నేను సంతకం పెట్టి పైకి పంపడానికి పది రోజులు. పది రోజులు నోరు మూసుకో. తర్వాత మెల్లగా చూద్దాం."

శుక్రవారం నోరు మూసుకుంది. శనివారమూ మూసుకుంది. ఆదివారం అన్నం కలిపి, కంచం పక్కకి నెట్టేసింది. "ఒంట్లో బాలేదా?" అంది అత్తగారు. "బాగానే ఉంది" అంది. ఏం బాగు! పది రోజులంటే ఆ పసిదానికి ఎన్ని పాలసీసాలో మనసు దానంతటదే లెక్కపెడుతోంది.

సోమవారం కండక్టరమ్మ చేతులూపుకుంటూ వచ్చింది. "మూడు రోజుల్నుంచీ భుజం ఎంత హాయిగా ఉందో అక్కా!"

సీసాలమ్మ స్టోరు గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. నోటుపుస్తకం మొదటి పేజీ తీసి, డిస్టిల్డ్ వాటర్ అన్నచోట ఒక్క గీత కొట్టింది. పైన 'కుళాయి నీళ్లు' అని రాసి, సంతకం పెట్టి, తారీఖు వేసింది. తర్వాత రెండో పేజీ. అలా నలభై ఒక్క పేజీలూ. బయట తలుపు తడుతున్నా లేవలేదు.

అయ్యాక పుస్తకం తెచ్చి క్లాసు మధ్యలో కండక్టరమ్మ ముందు పెట్టింది. "నీ మనవరాలికి ఆ నీళ్లు పట్టొద్దు. మీ నీళ్లు సున్నా కాదు. నేనిచ్చిందే దొంగ సున్నా" అంది.

మాస్టారు పేజీలు తిరగేసి కుర్చీలో కూలబడ్డాడు. కండక్టరమ్మ ఫోను తీసి కూతురితో, "పాలు కలిపావా? పారబొయ్. పారబొయ్యమంటే పారబొయ్యవే! పిల్లని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు, నేనొస్తున్నా" అంది. సంచీ భుజాన వేసుకుని, వెళ్లబోతూ పుస్తకం వైపు చూసింది.

"అన్నీ కొట్టేశావా?"

"కింద ఉన్నది కనపడేలాగే కొట్టాను."

"కనపడనీ" అంది కండక్టరమ్మ. ఈసారి అక్కా అనలేదు.

ఆవిడ వెళ్లిన కాసేపటికి ప్రిన్సిపాల్ రమ్మంటున్నారని అటెండరు వచ్చి చెప్పాడు. సీసాలమ్మ వస్తున్నానని చెప్పి, ముందు స్టోరులోకి వెళ్లి క్యాన్ల మీద చీటీలన్నీ గోటితో గీకడం మొదలుపెట్టింది.