డబ్బాల చప్పుడు

నిరుడు చలికాలం, చింతపల్లి దగ్గర మా కాఫీ తోటలో పళ్లు కోస్తున్నాం. మా ఐదేళ్ల గుంట మల్లిని గట్టు మీద కూర్చోబెట్టి, ఫోన్‌లో పాత బొమ్మల సినిమా పెట్టాను. అడవిలో తప్పిపోయిన ఎలుగుపిల్ల కథ. చూస్తే ధైర్యం వస్తుందని నా ఆశ.

కాసేపటికి చూస్తే ఫోనుంది, పిల్ల లేదు. పక్కనే ఎలుగు అప్పుడే తవ్విపోసిన పుట్టమట్టి!

"వదినా, ఎలుగొచ్చింది! బేగి రా!" అని పక్క వరసలో ఉన్న మా వదినని కేకేశాను. మా కొండల్లో ఎలుగుని తరమాలంటే అందరం డబ్బాలు కొడుతూ, అరుస్తూ వెళ్తాం. అలాగే మంచులో తోటంతా వెతికాం. ఎంత పిలిచినా పిల్ల పలకలేదు. ఇక చేతకాక, డబ్బా పడేసి కూలబడి ఏడ్చాను.

అప్పుడు మిరియాల తీగ వెనక నుంచి "అమ్మా" అని వినబడింది.

"పిలిస్తే పలకవేటే? ఎలుగుని చూసి దాక్కున్నావా?"

"ఎలుగు నాకు కనబడ్నేదు. ఆడుకుందామని ఇటొచ్చాను. సినిమాలో డబ్బాలు కొట్టుకుంటా వచ్చిన వేటగాళ్లే కదా ఎలుగుపిల్లని పట్టుకుపోయారు! ఆ మోతలో నీ గొంతు తెలీక, మీరు ఆళ్లే అనుకున్నాను."

ఇప్పుడు తోటలోకి వెళ్లేటప్పుడు డబ్బా దాని చేతికే ఇస్తున్నాను. అడవిలో డబ్బా కొట్టేది వేటగాడే కాదు, అమ్మ కూడా అని దానికి తెలియాలి కదా.