భాస్కరంగారి చిగుళ్ళ సాక్ష్యం

రాజమండ్రిలో ఒక పాథాలజీ ల్యాబు టెక్నీషియన్ భాస్కరంగారు ఇరవైరెండేళ్ళుగా ఊరి రక్తం తీస్తున్నారు. "చీమ కుట్టినట్టుంటుందండి, అంతే" అని అభయమిచ్చి సూది దింపడంలో ఆయనది ధీరగంభీరమైన చెయ్యి. ఆ ధైర్యం ఆయన నోటిదాకా మాత్రం రాలేదు. కుడివైపు పన్నొకటి పుచ్చి, చుట్టూ చిగుళ్ళు వాచి, నాలుగేళ్ళుగా ఎడమవైపే నములుతున్నారు. పళ్ళ డాక్టరుండే వీధి ఎదురైతే పక్క వీధి చుట్టి వెళ్ళేవారు.

2004 మే నెలలో ల్యాబుకు క్యాన్సరు పరీక్షల కోసం ఒక యాంటీబాడీ తెప్పించారు. మన కణజాలాన్ని కట్టిపడేసే కొలాజెన్‌ను కొరుక్కుతినే ఎంజైము ఒకటుంది. గాయం మానేటప్పుడు అది పనిమంతుడు. క్యాన్సరుకు దారి తవ్వేటప్పుడు దొంగ. అదెక్కడ నక్కినా ఈ యాంటీబాడీ వెళ్ళి పట్టుకుంటుంది. పట్టుకున్నచోట గోధుమరంగు తేలుతుంది. చిటికెనవేలంత సీసా. చల్లగా ఉంచకపోతే ఎందుకూ పనికిరాదు.

విశాఖపట్నం ఏజెంటు దగ్గర్నుంచి దాన్ని ఐసుపెట్టెలో తెచ్చే భారం భాస్కరంగారి మీద పడింది. తిరుగు ప్రయాణంలో రైలు సామర్లకోటలో ఆగింది. అంతదూరం వచ్చి భీమేశ్వరస్వామికి దణ్ణం పెట్టకుండా పోవడం ఆయనవల్ల కాలేదు. దిగారు. పెట్టెను గుడి బయట చెప్పుల స్టాండులో, తన చెప్పుల పక్కనే, టోకెన్ తీసుకుని మరీ భద్రపరిచారు. ఆరోజు అభిషేకం ఆలస్యమైంది. తీర్థం పుచ్చుకోకుండా ఎలా వస్తారు?

సాయంత్రం ల్యాబులో మూత తీసిన పాథాలజిస్టు డాక్టర్ శ్రీసుధగారు గోరువెచ్చటి నీళ్ళలో వేలు ముంచి చూశారు.

"ఐసేదండీ భాస్కరంగారూ?"

"అదేనండి మేడమ్. కొంచెం పల్చబడింది."

"ఇది బతికుందో పోయిందో ఎలా తెలుస్తుంది? ఎంజైము ఖాయంగా ఉన్న కణజాలపు ముక్క మీద రంగొస్తే సరే. లేకపోతే మీరు అంతదూరం నుంచి మోసుకొచ్చింది ఉత్త నీళ్ళే."

ఒక్క శాంపిలూ పాడుచెయ్యని ఇరవైరెండేళ్ళ పేరు ఆ పెట్టెలో తేలుతూ కనిపించింది భాస్కరంగారికి.

"మేకమాంసం ముక్క పనికిరాదాండీ?"

"ఇది మనుషుల ఎంజైముకేనండి. బాగా వాచిన చిగుళ్ళయితే ఇంక వెతుక్కోనక్కర్లేదు," అంటూ శ్రీసుధగారు ఆయన కుడిబుగ్గ వైపు చూశారు.

ఆ రాత్రి, పన్ను పీకించుకుంటానన్న ఆయన్ని భార్య కనకవల్లి అడిగింది: "నాలుగేళ్ళు నేను నెత్తీనోరూ కొట్టుకుంటే కదల్లేదు. మేడమ్‌గారు ఒక్క చూపు చూస్తే సరిపోయిందా?"

"ఇది సైన్సు కోసమే!"

"ఆహా. ఆ సైన్సు కోసమేనా నాలుగేళ్ళూ సాంబారన్నం ఎడమవైపే నమిలారు?"

మర్నాడు పళ్ళ డాక్టరు పట్టకారు అందుకుంటూ, "చీమ కుట్టినట్టుంటుందండి, అంతే," అన్నాడు. ఆ మాటలో నిజమెంతో భాస్కరంగారికంటే తెలిసినవారు జిల్లాలో లేరు.

పన్నుతోపాటు ఊడొచ్చిన చిగుళ్ళముక్కను ఆయనే కుళ్ళిపోకుండా ఫార్మలిన్‌లో వేసి, ఆయనే మైనంలో పొదిగి, ఆయనే పల్చగా కోశారు. మూడోరోజు శ్రీసుధగారు మైక్రోస్కోపులోకి వంగారు. బుగ్గలో దూది కుక్కుకున్న భాస్కరంగారు పక్కనే నిలబడ్డారు.

"ఇంత పాజిటివ్ నేను చదువుకున్నప్పుడు కూడా చూళ్ళేదండి!"

ఆయనా చూశారు. అంతా గోధుమరంగే.

"నాలుగేళ్ళు పెంచానండి," అన్నారు వినయంగా.

అప్పట్నుంచీ ఏ పేషెంటు స్లైడుకైనా జంటగా భాస్కరంగారి చిగుళ్ళు ఉండవలసిందే. అవి గోధుమరంగు తేలితేనే రిపోర్టు బయటికొచ్చేది. కోసికోసి మూడేళ్ళకు ఆ ముక్క అరిగిపోయింది. శ్రీసుధగారు ఖాళీ మైనపు దిమ్మను అటూఇటూ తిప్పి, తలెత్తారు.

"భాస్కరంగారూ, మీ ఎడమవైపు ఎలా ఉందండీ?"

ఆయన నోరు తెరవకుండానే, దివ్యంగా ఉందన్నట్టు తలూపారు.