పసిపిల్లల ఐసీయూ ముందు రెండు డజన్ల గాజులు

నా మనవరాలు రెండు నెలలు ముందే పుట్టింది. కిలోన్నర. హైటెక్ సిటీలో ఒక దవాఖానలో, నెలలు నిండని పిల్లల ఐసీయూలో, అద్దాల పెట్టెలో పెట్టారు. నా బిడ్డకు ఆపరేషన్ కుట్లు, పైగా జ్వరం. కింది అంతస్తులో మంచం దిగలేదు. పిల్లకు ఒంటి వెచ్చదనం తగలాలి, తల్లి రాలేదు కాబట్టి పదకొండు గంటలకు అమ్మమ్మ వచ్చి గుండెల మీద పడుకోబెట్టుకోవచ్చు అని డాక్టరమ్మ చెప్పింది. నేను పదింటికే తలుపు దగ్గర నిలబడ్డాను.

అక్కడ చేతులు కడిగే తొట్టి, దాని పైన బోర్డు. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, రాసింది ఏది కనపడినా వదలను. కూడబలుక్కుంటూ మొత్తం చదివాను. మోచేతుల దాకా సబ్బుతో రుద్దాలి. ఉంగరం, గాజు, గడియారం, దారం ఏదీ ఉండకూడదు. చదివి, గాజులను వీలైనంత పైకి తోసి, వాళ్ళిచ్చిన పొడుగు చేతుల గౌను కింద దాచేశాను. బిడ్డ సీమంతం నాడు లింగంపల్లి గాజులామె వేసినవి, చేతికి డజను. మొగుడు బతికుండగా చేతులు బోసిగా పెట్టుకోవడం మా ఇంట్లో ఎరగం.

మణికట్టు దాటకుండా సబ్బు రుద్దుతుంటే గౌను లోపల గలగలమన్నాయి. నర్సు తిరిగి చూసింది. గుంటూరు వైపు పిల్ల. మాట మెత్తన, చూపు పోలీసు.

"అమ్మమ్మగారూ, బోర్డు చదివారా అండీ?"

"చదివిన బిడ్డా."

"మరి గాజులు?"

"చదువుడు ఏరు, ఇనుడు ఏరు. ఇగో, గాజులు గూడ సబ్బుతోని రుద్దుత. జర పోనియ్యి."

"వాటి కింద క్రిములుంటాయండీ. నాకు పెళ్ళై నాలుగు నెలలు. నా ఉంగరం రోజూ లాకర్లో పెట్టి వస్తాను."

"నీ మొగడు ఏమనడా?"

"ఆయనా ఇక్కడే నర్సండీ. ఆయన ఉంగరం కూడా అదే లాకర్లో ఉంటుంది."

సరేనని చేతులకు సబ్బు పట్టించి లాగాను. కానీ గాజులు సబ్బుకు కదల్లేదు. నర్సు నా చేతికి గ్లవుజు తొడిగి, జెల్ పూసి, ఒక్కొక్కటే జార్చసాగింది. గాజులామె ప్లాస్టిక్ కవరు తొడిగి ఎక్కించిన ఉపాయమే.

ఏడోది పుటుక్కుమంది. గ్లవుజుతోనే పరుగెత్తి వరండాలోకి చూశాను. మా ముసలాయన బతికే ఉన్నాడు. ఉస్మానియా బిస్కెట్టు విరిగి టీలో పడితే వేలు పెట్టి వెతుకుతున్నాడు.

"గాజు పలిగింది! నువ్వు మంచిగున్నవా?" అని అరిచాను.

"నాకేమైతది? ఈన్నే ఉన్న గదనే! అన్నీ తీసెయ్యి, పో, పిల్లను ఎత్తుకో!"

అన్నీ తీయించాను. పసుపు దారమైనా కట్టుకుంటానంటే నర్సు అదీ వద్దంది. రుద్ది, కడిగి, చేతులు గాల్లో పెట్టుకుని నాలుగడుగులు వేశాను. పెట్టెలో పిల్ల కనపడింది, పిడికిలంత మొహం. కళ్ళలో నీళ్ళొచ్చాయి. చేత్తో తుడుచుకున్నాను.

"అమ్మమ్మగారూ, మళ్ళీ మొదట్నుంచండీ."

తిట్టుకుంటూనే కడిగాను. పదకొండున్నరకు పిల్లను తెచ్చి నా రొమ్ము మీద పెట్టింది. తడి తువ్వాలంత బరువు కూడా లేదు. నా బోసి చెయ్యి దాని వీపు మొత్తం కప్పేసింది. గంటసేపు ముక్కు దురద పెట్టినా గోక్కోలేదు.