మరియమ్మ పాలు, మొదటి రీడింగ్

రెండేళ్ల కింద, వానాకాలం మొదట్లో, నన్ను వనపర్తి నుంచి గద్వాల సర్వీసు విభాగానికి జూనియర్ టెక్నీషియన్‌గా పంపారు. ఇప్పుడు ఆ ఉద్యోగంలో లేను. పాల కేంద్రాల్లో ఫ్యాట్ కొలిచే యంత్రాలు చూడటం నా పని. యంత్రం కొలిచిన అంకె సీరియల్ తీగ గుండా లినక్స్ కంప్యూటర్‌కు పోతుంది. పాలు పోసినవాళ్ల చీటీ అక్కడ అచ్చవుతుంది.

అయిజ దగ్గరి ఒక కేంద్రంలో మరియమ్మ అనే కూలి మనిషి పాలకు రోజూ నీళ్లు కలిపినట్టు చీటీ వస్తోందన్నారు. పత్తి విత్తన చేన్లకు పోవాలి గనుక ఆమె అందరికన్నా ముందు పోసేది. "బర్రెను వానల కట్టేసినవా ఏంది మరియమ్మా?" అని లైనులో నవ్వారు. ఆమె నావైపు తిరిగి, "నీళ్లు కలిపేదాన్నయితే అందరికంటె ముందొచ్చి నిలవడ్తనా బిడ్డా? జర మంచిగ చూడు" అంది.

అప్పటికి సగం లైను అయిపోయింది. మరియమ్మ పాలు అప్పటికే క్యానులో కలిశాయి గనుక లైనులో ఉన్న ఒకరి పాలే మూడుసార్లు పోసి చూశాను. మొదటి రీడింగ్‌ను లెక్కలోకి తీసుకోకపోవడం మా అలవాటు. మిగతా రెండూ ఒకటే వచ్చాయి. యంత్రం బాగుందని రాసి సంతకం పెట్టాను. కేంద్రం నడిపే నర్సింలు అందరి ముందూ, "ఇన్నవా? మేడమే చెప్పింది. రేపట్నుంచి తేకు" అన్నాడు. నేను రిపోర్టు పుస్తకం మూశాను.

వారం తిరగకుండానే అతనే ఫోన్ చేశాడు. "మేడం, మిషన్ ఖరాబైంది. మా మామ పాలకు నీళ్లని వస్తున్నది." మరియమ్మ రావడం లేదు గనుక ఇప్పుడు ముందు పోస్తున్నది ఆ మామే.

ఈసారి తీగ మీద ఏం వస్తున్నదో నేనే చూడాలనుకున్నాను. కానీ కంప్యూటర్‌కు తీగ తగిలే చోటును, అంటే పోర్టును, చీటీ ప్రోగ్రాంతో పాటు ఇంకొకటి కూడా చదివితే అక్షరాలు చెరి కొన్ని పంచుకుపోయి ఏదీ పూర్తిగా రాదు. అందుకని నడుమ ఒక చిన్న ప్రోగ్రాం పెట్టి, వచ్చే ప్రతి అంకెనూ సమయంతో సహా ఫైలులోకి తీశాను. పొద్దున యంత్రాన్ని కడిగిన నీళ్ల అంకె కూడా తీగ మీద వస్తోంది. అది పోర్టులో నిలిచి, మొదటి మనిషి చీటీలో పడుతోంది. ఆ తర్వాత ప్రతి ఒక్కరికీ ముందువాళ్ల అంకె. పాలన్నీ ఇంచుమించు ఒకటే గనుక ఎవరికీ తేడా తెలియలేదు. ఆ రోజు నేను వదిలేసిన మొదటి రీడింగ్ కూడా ముందు పోసినవాళ్లదే.

ప్రతి కొలతకు ముందు పోర్టు ఖాళీ అయ్యేలా సరిచేశాను. రిపోర్టులో "సెట్టింగులు సవరించడమైనది" అని మాత్రం రాశాను. సంగతి నర్సింలుకు మెల్లగా చెబితే, "పోనీ తీయుండ్రి మేడం, ఆమె బర్రెను మొన్ననే అమ్మేసింది" అన్నాడు. లైనులో అందరూ ఉన్నారు. గద్వాల బస్సెక్కాను.

తీగ మీద ఏం వస్తున్నదో చూడకుండా మనిషి మీద రాయకూడదు. తప్పు ఎవరి ముందు మోపామో, దిద్దుబాటు కూడా వాళ్ల ముందే చెప్పాలి. మొదటిది ఆ తర్వాత ప్రతి కేంద్రంలో పాటించాను. రెండోది పాటించాల్సింది ఆ ఒక్క చోటే. పాటించలేదు.