పూంగోదై పేరు మీద

పూంగోదై గురించి కోయంబత్తూరు గణపతి పేటలో మా సందుల్లో ఎవరినడిగినా ఇప్పుడు ఒకటే మాట చెబుతారు: రాగి తీగ తినేసిన స్టోరు మనిషి అని. ఆమె తినలేదు. ఆ సంగతి నాకు తెలుసు, ఇంకా పదకొండు మందికి తెలుసు. తెలిసీ నోరు కుట్టుకుని కూర్చున్న పన్నెండు మందిలో నేనూ ఒకణ్ణి. కాబట్టి ఎవరినైనా తిట్టే ముందు నన్ను నేను తిట్టుకుని ఈ కథ మొదలుపెడుతున్నాను.

నాది పంపుల కంపెనీలో తనిఖీ పని. పోత పోసి వచ్చిన కేసింగుల్లో బీటలున్నాయా, కొలతలు సరిపోయాయా చూసి పంపడం. ఇరవై ఆరేళ్లయింది. ఇంట్లో తెలుగు, గేటు దాటితే తమిళం. మా కోయంబత్తూరు నాయుళ్ల బతుకే అంత.

పూంగోదై ఎలక్ట్రానిక్స్ డిప్లొమా పట్టుకుని పదకొండేళ్ల కిందట వచ్చింది. తీసుకొచ్చింది ప్రొడక్షన్ మేనేజర్ రత్నవేలు. స్టోర్లో ఆడమనిషా అని ఓనరు సెన్నియప్పన్ ముఖం చిట్లిస్తే, ఆరు నెలలు చూడండి, తేడా వస్తే నా జీతం కోయండి అన్నాడట రత్నవేలు. ఆ మాట ఆమె జన్మలో మరిచిపోలేదు. ఆయన్ని నోరారా అన్నా అని పిలిచేది. ఆయనేమో ‘అమ్మిణీ’ అనేవాడు. మా ఊళ్లో ముద్దొచ్చిన ఆడపిల్లనల్లా అలాగే పిలుస్తాం.

ఆరు నెలలు అక్కర్లేకపోయింది. చీటీ లేకుండా ఒక్క బోల్టు పట్టుకెళ్లినా మిషన్ దాకా వెంటపడి వచ్చేది. “రాసిచ్చి తీసుకెళ్లండి, లేదా మీ ఆవిడకి ఫోన్ చేసి మీరు నట్లు తింటున్నారని చెబుతా” అనేది. నలభై ఏళ్ల టర్నర్లు కూడా ఆమెకు భయపడి చీటీలు రాసేవాళ్లు.

అప్పట్లో కంపెనీలో కొన్న సాఫ్ట్‌వేర్ ఒకటుండేది. దాన్ని వాడే మనిషికి ఇంతని ఏడాదికో రుసుము. ఓనరు పిసినారి కాబట్టి ఒక్క పేరే కొన్నాడు. ఆ పేరుతోనే అందరం లోపలికెళ్లి ఎవరి పని వాళ్లు చేసుకునేవాళ్లం. మా జబ్బు అక్కడే పుట్టింది. వాళ్లు రుసుము రెట్టింపు చేసేసరికి ఓనరు దాన్ని తీసి పారేసి, మళ్లీ నోటు పుస్తకాలే రాసుకోండి పొమ్మన్నాడు.

ఊరికే దొరికేది ఒకటుంది సార్, అంది పూంగోదై. లోపలి ప్రోగ్రాం రాత సహా లోకానికంతా తెరిచి పెట్టారనీ, ఎవరైనా దించుకుని తమకు కావలసినట్టు మార్చుకోవచ్చనీ, పేరుకింత అని అడిగేవాడు ఉండడనీ చెప్పింది. ఊరికే వచ్చేదాంట్లో ఏదో మెలిక ఉంటుందని ఓనరు నాలుగు రోజులు అనుమానపడ్డాడు. చివరికి మూల పడున్న పాత కంప్యూటర్ చూపించి, పాడైతే నీ పూచీ అన్నాడు.

ఐదు ఆదివారాలు వచ్చింది. నేను ఓవర్‌టైమ్‌లో ఉండి చూశాను. నల్లటి తెర మీద ఏవో ఆజ్ఞలు కొట్టేది, అది కాదనేది. మొదటి రెండు వారాలు సమాచారం దాచుకునే భాగం ఎక్కనే లేదు. ఫోన్లో ఎవరెవరినో అడిగేది. రాజ్‌కోట్ నుంచి ముక్కూ ముఖం తెలియని ఒకాయన ఓపికగా జవాబులు రాసేవాడు. మూడో ఆదివారం మధ్యాహ్నం మా కంపెనీ పేరుతో తెర తెరుచుకుంది. నన్ను చెయ్యి పట్టుకుని లాక్కుపోయి చూపించింది.

ఎక్కించడం ఒక ఎత్తు, అమర్చడం ఒక ఎత్తు. ఒకే బుష్‌ని మిషన్ల వాళ్లు కంచు బుష్ అంటారు, కొనే ఆఫీసు వాళ్లు గన్‌మెటల్ బుష్ అంటారు. దానికి రెండు పేర్లుంటే సాఫ్ట్‌వేర్ రెండు వస్తువులనుకుంటుంది. అందుకని అరలన్నీ దింపి, నాలుగు వేల వస్తువులకు నాలుగు వేల పేర్లు పెట్టింది. మోటార్లకు చుట్టే రాగి తీగ కిలోల్లో కొంటాం, చుట్టల్లో ఇస్తాం, మిగిలిన ముక్కలు తుక్కులో వేస్తాం. ఆ మూడింటికీ లంకె కుదర్చడానికే వారం పట్టింది. ఎవరు, ఏ రోజు, ఎన్ని గంటలకు ఏం మార్చారో రాసిపెట్టుకునే ఏర్పాటు కూడా చేసింది. ఆ రాత చెరపడం తన తరం కూడా కాదని గొప్పగా చెప్పుకునేది. ఇంటి నుంచీ ఫోన్ నుంచీ తెరుచుకునేలా పెట్టి ఓనరుకు నేర్పింది.

ఆఖరున మాకు పన్నెండు మందికి పన్నెండు లాగిన్లు చేసింది. ఎవరికి ఏ గది అవసరమో ఆ గదే తెరుచుకుంటుంది. సరుకు లెక్క దిద్దే హక్కు తన పేరుకు మాత్రమే ఉంచుకుంది.

వారం తిరగకుండానే గొణుగుడు మొదలైంది. నేను ఒక పగుళ్ల కేసింగ్‌ని తిరస్కారం కింద వేస్తే, ఆమె సరేనన్నాక గానీ అది కదిలేది కాదు. భోజనానికి వెళ్తే అంతసేపూ ఆగాల్సిందే. ఒకరోజు రత్నవేలు నేరుగా స్టోరుకొచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“ఏం అమ్మిణీ, నిన్ను లోపలికి తెచ్చింది నేను. ఇప్పుడు నన్నే బయట నిలబెట్టావా?”

ఆయన నవ్వుతూనే అన్నాడు. ఆమెకు మాత్రం తల కొట్టేసినట్టయింది. పెట్టిన చెయ్యి అడిగితే లేదనడం మా వైపు ఎవరికీ చేతకాదు. పాస్‌వర్డ్ చెప్పేసింది. కూతురు యాళిని పేరు, పుట్టిన సంవత్సరం. సాయంత్రానికి అది పన్నెండు మందికీ తెలిసింది. కొన్నాళ్లు గోల పెట్టింది, మార్చేస్తానంది. ‘మనమంతా ఒక ఇంటి వాళ్లం కాదా’ అని రత్నవేలు బుజ్జగించాడు. నేనూ ఆయనకే వంత పాడాను. నా పని చకచకా అయిపోతోంది మరి. రెండేళ్లు అందరం ఆమె పేరుతోనే బతికాం, మా లాగిన్లు ఏమిటో కూడా మరిచిపోయాం.

ఈ ఏప్రిల్లో ఆడిటరు ఒక ప్రశ్న వేశాడు. ఏడాదంతా తుక్కు కింద మూడు వందల డెబ్బై కిలోల రాగి తీగ పోయినట్టు కంప్యూటర్ చెబుతోంది, తుక్కు అమ్మిన చీటీల్లో అరవై కిలోలే ఉంది, మిగతా రాగి ఏదీ అని. ఓనరు ఆ పద్దులు తెరిపించాడు. పద్దెనిమిది. తేదీ ఉంది, గంట ఉంది, ప్రతి దాని పక్కనా పూంగోదై పేరుంది.

మమ్మల్నందరినీ ఆఫీసు గదిలోకి పిలిచారు. ఆమె కాగితం చూసింది, భయపడలేదు. వేలు పెట్టి ఒక తేదీ చూపించింది.

“సార్, ఈ రోజు నేను గోబి ఊళ్లో మా తమ్ముడి పెళ్లిలో ఉన్నాను. ఇందులో రాసిన పన్నెండూ నలభైకి అక్కడ వడ్డిస్తున్నాను.”

“ఫోన్లోంచి తెరుచుకుంటుందని నువ్వే కదమ్మా నాకు నేర్పావు,” అన్నాడు ఓనరు.

అప్పుడామె మా వైపు తిరిగింది. ఆ లాగిన్ తనొక్కతే వాడలేదనీ, రెండేళ్లుగా అందరూ వాడారనీ చెప్పింది. ముందు రత్నవేలు వైపే చూసింది. ఆయన చెబితే చాలు, మిగతావాళ్లం ఎటూ చెబుతామని ఆమె ధీమా.

“నాకు కంప్యూటర్ల గురించి ఏం తెలుసు అమ్మిణీ?” అన్నాడు రత్నవేలు. “నేను పాతకాలం వాణ్ణి. సంతకం పెట్టమంటే పెడతాను.”

ఆమె ఒక్క క్షణం ఆయన్ని అలాగే చూసింది. నేను ఇరవై ఆరేళ్లలో పగిలిన పోతలు వేలల్లో చూశాను గానీ, మనిషి ముఖం అలా పగలడం చూడలేదు. తర్వాత “నా పాస్‌వర్డ్ తెలిసినవాళ్లు చేతులెత్తండి,” అంది.

ఒక్క చెయ్యి లేవలేదు. తెలుసన్నవాడు రేపు దొంగల జాబితాలో ఉంటాడు, అదీ లెక్క. అందరూ శాకాహారులే, గంపలో రొయ్యలు మాయం. అన్నిటికన్నా సిగ్గుమాలినవాణ్ణి నేను. ఆ పెళ్లికి వెళ్లాను. ఆ వేళకి పంక్తిలో కూర్చుని ఉన్నాను. ఆమె చేతిలో నేతి గిన్నె తప్ప ఫోన్ లేదు, నాకు ఒబ్బట్టు మీద రెండుసార్లు నెయ్యి పోసింది. ఆ ఒక్క ముక్క చెబితే చాలు. నాకు రిటైర్మెంటుకు ఇంకా పద్నాలుగు నెలలుంది, మాట నాలుక మీదికి రాలేదు. నా చెయ్యి ప్యాంటు జేబులో ఉండిపోయింది.

పోలీసుల దాకా వెళ్లను, నీ అంతట నువ్వే మానేస్తున్నట్టు రాసిచ్చిపో, పాప ముఖం చూసి వదిలేస్తున్నాను అన్నాడు ఓనరు. రాసిచ్చింది. ఇంకెవరైనా అయితే ఆ కంప్యూటర్‌ని కుళ్లబొడిచి పోయేవారు. ఆమె కూర్చుని లెక్కలన్నిటికీ నకలు తీసి పెట్టింది, దాన్ని ఎలా తిరిగి ఎక్కించాలో రెండు పేజీలు రాసింది. పాస్‌వర్డ్ మార్చి, కొత్తది చీటీ మీద రాసి ఓనరు చేతికే ఇచ్చింది. ఇక మీదట ఎవరి పేరుతో వాళ్లనే వెళ్లనివ్వండి సార్, అని కూడా చెప్పింది. ఆయన తలూపాడు.

గేటు దగ్గర నేను ఎదురుపడ్డాను. తప్పుకుపోదామనుకున్నాను, కుదరలేదు.

“మీరు పెళ్లికొచ్చారు కదన్నా,” అంది.

గేటు దాటి వెళ్లిపోయింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనాయి అనేది మా అమ్మ. ఆమె నమ్మి నానబోసిన గింజల్లో నేనూ ఒకణ్ణని అప్పుడు తెలిసింది. కనీసం తిట్టినా బాగుండేది.

మర్నాడు తొమ్మిదికి స్టోరు తెరిచారు. పంపులో నీళ్లు తోసే ఇంపెల్లర్లు ఇప్పించుకోవడానికి మనుషులు వరసలో నిలబడ్డారు. పాతకాలం మనిషి రత్నవేలు వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఎవరినీ అడగలేదు, కాగితం చూడలేదు, రెండు వేళ్లతో టకటకా కొట్టాడు. తప్పంది తెర. మళ్లీ కొట్టాడు. పాప పేరు, పుట్టిన సంవత్సరం. మూడోసారి కొడుతుండగా వెనక ఎవరో ఉన్నట్టు తోచి తల తిప్పాడు.

ఓనరు నిలబడి ఉన్నాడు. మొదటి నుంచీ చూస్తూనే ఉన్నాడు. నేను ఆయన పక్కనే ఉన్నాను. ఇప్పుడు గుట్టు బద్దలవుతుంది, ఇప్పుడే ఆమెకు ఫోన్ చేస్తాడు అనుకున్నాను. నేను చెప్పాల్సిన మాట నా ప్రమేయం లేకుండానే బయటపడిందని లోపల సంతోషించాను కూడా, ఎంత నీచుణ్ణో చూడండి.

ఓనరు కాసేపు ఆయన వేళ్ల వైపే చూశాడు. ఇరవై రెండేళ్ల మేనేజరు, పెద్ద పెద్ద ఆర్డర్లన్నీ ఆయన ముఖం చూసే వస్తాయి. జేబులోంచి చీటీ తీసి కీబోర్డు పక్కన పెట్టాడు.

“అది మారింది రత్నవేలూ. ఇదిగో, ఇది కొట్టు,” అన్నాడు.

మా వంతులు వచ్చినప్పుడు మేమూ అదే కొట్టాం. విడివిడి లాగిన్లు ఎలా తెరిపించాలో ఎవరికీ తెలియదు. నడుస్తోందిగా, కెలక్కండి అన్నాడు ఓనరు. ఆమె వెళ్లి ఏడు నెలలైంది. పోయిన వారం ఇంకో పద్దెనిమిది కిలోల రాగి తీగ తుక్కు కింద పోయింది. చేసినవారు ఎవరని చూస్తే, పూంగోదై అని ఉంది.