గంగారంలో ఈజిప్టు రాజుకు పిట్ట ముట్టింది

ఎడారులు దాటి, నైలు నది వెంట నడిచి, రాజుల సమాధుల్లోకి దిగిన మహాయాత్ర ఇది అని మొదలుపెట్టాలని చాలా ఆశపడ్డాను. నిజానికి జనగామలో పొద్దున ఏడింటికి రైలెక్కి, మహబూబాబాద్‌లో దిగి, బస్సులో గంగారం పోయి, సాయంత్రం తిరుగుముఖం పట్టాను. పిరమిడ్ మాత్రం ఉంది. థర్మోకోల్‌ది, నా ఒళ్లోనే.

బడుల్లో చరిత్రను కథలుగా చెప్పడం నా పని. ముందు వారం భూపాలపల్లిలో రాజవంశాల వరుస చెప్తుంటే క్లాసంతా హాయిగా నిద్రపోయింది. గంగారం బడిలో ఈ కథల పీరియడ్‌ను పట్టుబట్టి పెట్టించింది అక్కడి సోషల్ టీచర్ రజిత అక్క. ఈసారీ పిల్లలు కునికితే దాన్ని లెక్కలకు ఇచ్చేస్తానన్నారట హెడ్మాస్టరు.

మహబూబాబాద్ స్టేషన్ బయట పూరీ తిని బస్సెక్కాను. పక్కసీటు అవ్వ నా ఒళ్లోకి చూసింది.

"ఏంది బిడ్డా గది, గుడా?"

"సమాధి, అవ్వా."

"ఎవల్ది?"

"ఒక రాజుది."

అవ్వ లేచి ముందు సీట్లోకి పోయింది. నాకు కాళ్లు చాపుకునే వీలు దొరికింది.

బడిలో అన్నం, సాంబారు, గుడ్డు పెట్టారు. కడుపు నిండిన క్లాసు ముందు నిలబడగానే భూపాలపల్లి గుర్తొచ్చింది. భయంతో వంశాలన్నీ వదిలేసి, చిన్న వయసులో చనిపోయిన ఈజిప్టు రాజు టుటంఖమున్ దగ్గరికి దూకాను. అతనిది పిరమిడ్ కాదుగానీ, కొండలో తొలిచిన సమాధిలో అతని కోసం రొట్టెలు, మాంసం, బాతు, తేనె, ద్రాక్షసారా పెట్టారని చెప్పాను.

వెనక బెంచీలో సరిత లేచింది. "పిట్ట ముట్టిందా సార్?"

మనవైపు చనిపోయినవాళ్లకు ఇష్టమైనవి వండి విస్తట్లో పెట్టి, కాకి కోసం చూస్తారు. కాకి ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టే.

"లేదమ్మా. తలుపులు మూసేశారు. పిట్ట పోయే సందు లేదు."

క్లాసంతా ఒకరి మీద ఒకరు అడగడం మొదలుపెట్టారు.

"అంటే మూడువేల ఏండ్ల సంది ఆకలితోనే ఉన్నడా?"

"పెండ్లయిందా సార్?"

"అయింది. పిల్లలు బతకలేదు."

"గందుకే! పానం గుంజుతుంటది పాపం."

లొల్లికి హెడ్మాస్టరు వచ్చారు. "ఏంది గోల?" సంగతి విని కుర్చీ లాక్కున్నారు. "మా నాయినకు గంతే. బోటి కూర పెడితేగానీ ముట్టలే. బోటి పెట్టిండ్రా మరి?"

"తెలీదు సార్," అన్నాను. ఇంత చదివినా ఈ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు.

సరిత ఊరుకోలేదు. వంటగదిలోంచి మిగిలిన గుడ్డు తెచ్చింది. పిరమిడ్‌ను ప్రహరీ మీద పెట్టి, ముందర ఆకులో గుడ్డు పెట్టారు. అందరం దూరంగా నిలబడ్డాం. కాకి వచ్చింది, అటూ ఇటూ చూసింది, గుడ్డు ఎత్తుకుపోయింది.

పిల్లలు ఎగిరి గంతేశారు. సరిత కళ్లు తుడుచుకుంది. హెడ్మాస్టరు, "రజితమ్మా, లెక్కలు పొద్దుగాల చెప్పుకుందాంతియ్," అన్నారు.

ఆ కాకి రోజూ ఆ టైముకే గుడ్డు కోసం వస్తుందని వంట చేసే అక్క నా చెవిలో చెప్పింది. పిల్లలకు నేను చెప్పలేదు.

నాలుగున్నర బస్సులో ఖాళీ చేతులతో తిరిగొచ్చాను. పిరమిడ్‌ను పిల్లలు అక్కడే ఉంచమన్నారు. ఇన్నాళ్లూ రాజును రాజులాగే చెప్పాను. గంగారం పిల్లలు అతన్ని ఇంటి మనిషిని చేసుకున్నారు. కిటికీలోంచి అడవి చూస్తూ గొప్పగా ఏదో ఆలోచిద్దామనుకున్నాను కానీ ఎండ సూటిగా మొహాన కొట్టింది. మీరెప్పుడైనా గంగారం పోతే, పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ బస్సులో ఎడమ పక్కే కూర్చోండి.