విదాద్ టీచరు ఊఖియా

నాబ్లుస్‌లో పుట్టి, పెళ్లయి డమాస్కస్ చేరిన విదాద్‌కు ఆ పొద్దున కాఫీ మీద ధ్యాసే లేదు. బడిలో సైన్సు చెప్పడం మొదలుపెట్టి ఏడాదైంది. తనిఖీ అధికారి సబ్రీ పాఠం చూసి సంతకం పెడితేనే ఉద్యోగం ఖాయం. ఆయన ఇవాళే వస్తున్నాడు. పాఠం ద్రవ్యరాశి. బడికొచ్చిన కొత్త తక్కెడను ముట్టుకోవాలని పిల్లలకంటే ఆమెకే ఆత్రం ఎక్కువ. బజారులో పాత తూకం లెక్కన తలా ఒక ఊఖియా పప్పు కొని తెమ్మని నిన్ననే చెప్పింది.

తూకం మహా మొండిది. జెండాలు మారినా కొట్టువాడి చెయ్యి పాత లెక్కనే ఎత్తుతుంది. వీశెలు పోయి ఎన్నేళ్లయినా మన ముసలమ్మలు చింతపండు వీశెల్లోనే అడగలేదూ?

సబ్రీ వచ్చి వెనక బల్లమీద కూర్చున్నాడు. విదాద్ బోర్డు మీద గుండ్రంగా రాసింది: ఒక ఊఖియా, 250 గ్రాములు.

మొదటి పొట్లం 200 తూగింది. రెండోది 198. మూడోది 201. ఆమె చెవులు వేడెక్కాయి. పళ్లేలు ఖాళీ చేసి చూస్తే ముల్లు నిటారుగానే ఉంది.

కిరాణాకొట్టు వారి అమ్మాయి నుహా లేచి టీచర్ని పిలిచింది. "ఆనిసా, మా నాన్న తక్కువ తూచడు. కిలోకి అయిదు ఊఖియాలు."

"మీ నాన్న బొటనవేలు కూడా తూగుతుందటగా," అంది పక్కబల్ల బుసైనా.

"మీ అమ్మ బేరాలకి ఆ వేలు ఎప్పుడో అరిగిపోయింది, పోవే."

క్లాసంతా గొల్లుమంది. విదాద్‌కు మాత్రం మెరుపు మెరిసినట్టయింది. నాబ్లుస్ ఊఖియా వేరు, ఇక్కడిది వేరు! ఏడాదిగా అమ్మ చెప్పిన కొలతతోనే కునాఫా మిఠాయికి నెయ్యి కొంటోంది. "నీది పిసినారి చెయ్యి" అని అత్తగారు ఏడాదిగా దెప్పుతోంది.

మిమ్మల్ని పరీక్షించడానికే అలా రాశానని తప్పించుకోవచ్చు. సబ్రీ అప్పటికే కలం మూత తీశాడు. ఆమె పిల్లలవైపు తిరిగింది.

"తప్పు నాదే పిల్లలూ. అది మా ఊరి ఊఖియా. మా అమ్మ మూడు ఊఖియాల నెయ్యి పొయ్యమంటే, ఇక్కడ నేను ఎన్ని కొనాలి?"

సుద్దముక్క కోసం ఆరుగురు ఎగబడ్డారు. మూడు రెండువందల యాభైలు ఏడువందల యాభై. దాన్ని రెండువందలతో భాగిస్తే...

"మూడుంబావు!"

"మూడుముప్పావే మొద్దూ."

సబ్రీ జేబులోంచి పిస్తాల పొట్లం తీసి తక్కెడ దగ్గరికి వచ్చాడు. "మాది అలెప్పో, అమ్మా. అక్కడి ఊఖియా ఇంకా పెద్దది. ఊఖియా అని చెప్పి ఇంతే ఇచ్చాడని పొద్దుటినుంచీ కొట్టువాణ్ని తిట్టుకుంటున్నాను. కాస్త తూచు."

సరిగ్గా 200.

"పాపం, వాడి తప్పేం లేదు," అని గొణిగి, బోర్డువైపు చూపించాడు. "ఆ రెండువందల యాభై చెరపకు. పక్క క్లాసువాళ్లనీ చూడనీ."

సంతకమైన కాగితం ఆయన రెండుసార్లు అందించాల్సి వచ్చింది. విదాద్ చేతిలో అప్పుడే తూచిన బుసైనా చెప్పు ఉంది. దాని 412 గ్రాములు కిలోల్లో ఎంతో చెప్పమని క్లాసును హోరెత్తిస్తోంది.